జొన్నల పాతరలో ఎమ్మెస్సీ లెక్క

మే నెల. ఆదోని. మధ్యాహ్నం రెండు గంటలు. కొండ మీది కోటరాళ్లు సెగలు కక్కుతుంటాయి. ఆ వేళ కొత్త స్లాబు ఇంట్లోకన్నా తాతల నాటి మట్టి మిద్దెలో పడుకోవడమే హాయని ఊళ్లో చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. స్లాబు ఇల్లు పొద్దు వాలేసరికే కొలిమి అయిపోతుంది. మట్టి మిద్దె మాత్రం రాత్రి పొద్దుపోయాకగానీ వెచ్చబడదు. అదీ కాస్తంతే!

ఎందుకలా? మట్టి మందంగా ఉంటుంది కాబట్టి... అంటే అది సగం జవాబే. ఎంత మందముంటే ఎన్ని గంటల ఆలస్యం? పైనున్న వేడిలో ఎన్నో వంతు కిందికి దిగుతుంది? అంకెల్లో చెప్పమంటే మాత్రం ఎమ్మెస్సీ ఫిజిక్స్ తరగతి గదిదాకా వెళ్లాలి. అక్కడ మొదటి సెమిస్టర్‌లోనే ఎదురుపడే పేపరు ఒకటుంది. పేరు 'మ్యాథమెటికల్ ఫిజిక్స్'. ఆ పేరు వింటేనే చాలామంది విద్యార్థులకు మే నెల చెమటలు పడతాయి.

బోర్డు మీద బెసెల్

ఎమ్మిగనూరులో మగ్గం ఇంటి నుంచి వచ్చిన ఓ అమ్మాయి అనుకోండి. ఇంటర్లో ఎంపీసీ. డిగ్రీ ఎమ్మిగనూరులోనో, ముప్ఫై కిలోమీటర్ల అవతల ఆదోనిలోనో. పరీక్షల ముందు 'ఇంపార్టెంట్ క్వశ్చన్లు' పట్టుకుని, గైడు తిరగేసి, ఫస్ట్ క్లాసులో గట్టెక్కింది. పీజీ ఎంట్రన్స్ రాసింది. కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీయో, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీయో... ఎక్కడో ఓచోట సీటొచ్చింది. ఏదీ రోజూ బస్సెక్కి వెళ్లొచ్చే దూరం కాదు. హాస్టల్లో చేరింది.

మొదటి వారం. మాస్టారు బోర్డు మీద ఓ అవకలన సమీకరణం రాసి, దాని సాధనకు 'బెసెల్ ఫంక్షన్' అని పేరు పెట్టారు. మర్నాడు లెజెండ్రె. ఆ తర్వాత హెర్మైట్, లాగేర్. అందరూ యూరప్ పెద్దమనుషులే! ఒక్కొక్కరికీ ఓ సమీకరణం, ఓ శ్రేణి, ఓ రికరెన్స్ ఫార్ములా. 'ఇవి ఎందుకు పుట్టాయి సార్' అని అడగాలని ఆమె నాలుక చివరిదాకా వస్తుంది. అడగదు. పక్కనున్నవాళ్లంతా రాసుకుంటున్నారు కదా, వాళ్లకు తెలుసేమో అనుకుంటుంది. పక్కనున్నవాళ్లూ సరిగ్గా అదే అనుకుంటున్నారన్న సంగతి ఆమెకు తెలిసేసరికి సెమిస్టర్ అయిపోతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. డిగ్రీదాకా గణితం ఒక సబ్జెక్టు, ఫిజిక్స్ ఇంకో సబ్జెక్టు. రెండూ వేర్వేరు పీరియడ్లు, వేర్వేరు మాస్టార్లు, వేర్వేరు గైడ్లు. పీజీలో అడుగుపెట్టగానే ఆ రెండింటి మధ్య గోడ కూలిపోతుంది. కూలిందని మాత్రం ఎవరూ చెప్పరు. జవాబులన్నీ వరసగా బోర్డు మీదకి వచ్చేస్తాయి. ప్రశ్నలు మాత్రం ఊళ్లోనే ఉండిపోతాయి. ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకైతే మరీనూ. ఎందుకంటే వాళ్ల ఊళ్లలో ఆ ప్రశ్నలకు కొదవే లేదు.

గొయ్యి తవ్వితే ఫోరియర్

పాత బళ్లారి జిల్లా నల్లరేగడి పల్లెల్లో జొన్నల్ని పాతర వేసేవాళ్లు. నేలలో లోతుగా గొయ్యి తీసి, లోపల గడ్డి పరిచి, గింజలు నింపి, పైన మట్టితో మూసేసేవాళ్లు. ఇప్పుడు గోడౌన్లొచ్చాక పాతర్లు కనిపించడమే అరుదు. మాట మాత్రం మిగిలింది. దేన్నయినా మళ్లీ పైకి రాకుండా కప్పెట్టేస్తే 'పాతరేశాడు' అంటారు. పరీక్ష రాసిన సాయంత్రమే చదివిన లెక్కల్ని పిల్లలు చేసేది కూడా అదే!

ఆ పాతరలోకి ఎండ ఎలా దిగుతుందో చూడండి. నేలపైన ఉష్ణోగ్రత పగలు పెరుగుతుంది, రాత్రి తగ్గుతుంది. అది ఇరవై నాలుగు గంటల అల. దాని మీదే ఇంకో పెద్ద అల: మే నెలలో ఎగసి, డిసెంబరులో పడే ఏడాది అల. ఇలా ఎంత గజిబిజి మార్పునైనా నున్నటి అలల మొత్తంగా విడగొట్టొచ్చని ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ ఫోరియర్ చూపించాడు. 1822లో ఆయన వేడి గురించి రాసిన పుస్తకం అచ్చయింది. భూమిలోకి ఎండ ఎలా దిగుతుందన్న లెక్క కూడా ఆయన స్వయంగా చేసిందే. అంటే ఎమ్మెస్సీలో 'ఫోరియర్ సిరీస్' పేరిట వచ్చే పాఠానికి మూలం ఓ రకంగా పాతర ప్రశ్నే.

ఇక రెండో మెట్టు. మట్టిలో వేడి కదలికకు ఒక సమీకరణం ఉంది. ఒక చోట ఉష్ణోగ్రత ఎంత వేగంగా మారుతుందన్నది, అక్కడి ఉష్ణోగ్రత గీత ఎంత వంపు తిరిగి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పొరుగువాళ్ల సగటుకన్నా చల్లగా ఉంటే వేడెక్కుతుంది, వేడిగా ఉంటే చల్లబడుతుంది. అంతే విషయం. దాన్ని గుర్తుల్లో రాస్తే పాక్షిక అవకలన సమీకరణం. ఇందులో మట్టి స్వభావమంతా ఒకే ఒక్క అంకెలో ఇమిడిపోతుంది. వేడి దానిలో ఎంత చురుగ్గా పాకుతుందో చెప్పే అంకె అది.

మూడో మెట్టు దగ్గర విద్యార్థి ఆగిపోతాడు. అల రూపంలో జవాబు ఊహించి సమీకరణంలో పెడితే, 'ఐ'కి వర్గమూలం కనుక్కోమంటుంది. ఐ అంటే మైనస్ ఒకటికి వర్గమూలం. దానికి మళ్లీ వర్గమూలమా! డిగ్రీలో ఇది చేసే ఉంటారు, రెండు మార్కుల ప్రశ్నగా. జవాబు: ఒకటి ప్లస్ ఐ, మొత్తాన్ని రెండు వర్గమూలంతో భాగించాలి. అందులో ఓ మామూలు భాగం, ఓ ఊహాభాగం ఉన్నాయి. రెండూ సరిసమానం. పాతర రహస్యమంతా ఆ 'సరిసమానం'లోనే ఉంది. మామూలు భాగం అలను చిన్నది చేస్తుంది. ఊహాభాగం అలను ఆలస్యం చేస్తుంది. రెండూ సమానం కాబట్టి మట్టిలో వేడి ఎంత తగ్గితే అంత ఆలస్యమవుతుంది. ఒకటి లేకుండా రెండోది రాదు. 'ఊహాసంఖ్యలు నిజజీవితంలో ఎందుకు పనికొస్తాయి' అని ఇంటర్‌లో అడిగి తిట్లు తిన్నవాళ్లకు జవాబు ఇక్కడుంది. మిద్దె అర్ధరాత్రికి వేడెక్కడానికి కారణం ఆ ఊహాభాగమే!

ఇప్పుడు అంకెలు వేసి చూడొచ్చు. మామూలు మట్టిని తీసుకుంటే రోజువారీ అల సుమారు 12 సెంటీమీటర్ల లోతుకు వెళ్లేసరికి 37 శాతానికి పడిపోతుంది. దాదాపు నాలుగు గంటలు ఆలస్యంగా చేరుతుంది. అడుగు మందమున్న మట్టి మిద్దెలో? సుమారు పది గంటల ఆలస్యం, మిగిలేది 8 శాతం. మధ్యాహ్నం రెండింటి ఎండ అర్ధరాత్రికి దిగుతుంది, అదీ పన్నెండో వంతు. మిద్దెకు కింద గది గాలి కూడా ఉంటుంది కాబట్టి ఈ లెక్క అచ్చంగా సరిపోదుగానీ, తాతలు అడుగు మందం ఎందుకు వేశారో చెప్పడానికి చాలు.

ఏడాది అల సంగతి వేరు. నెమ్మదైన అల లోతుగా దిగుతుంది. ఎంత లోతుగా? 365కి వర్గమూలం రెట్లు. అంటే 19 రెట్లు. మట్టి ఏదైనా సరే, ఈ 19 మారదు. కాబట్టి రోజువారీ అలకు 12 సెంటీమీటర్లయితే, ఏడాది అలకు రెండుంబావు మీటర్లు. అంత లోతున్న పాతర అడుగుకు రోజువారీ ఎండలో కోటో వంతు కూడా చేరదు. పైన నడినెత్తి సూర్యుడున్నా, అర్ధరాత్రయినా కింద జొన్నలకు తేడా తెలియదు. ఏడాది ఎండ మాత్రం 37 శాతం దిగుతుంది. అదీ 58 రోజులు ఆలస్యంగా. మే నడిమిలో ఆదోనిని మాడ్చిన ఎండ పాతర అడుగుకు చేరేది జూలై నడిమికి! పైన వానలు పడుతుంటాయి, కింద అప్పుడు వేసవి. ఇంకా లోతుకు, ఏడు మీటర్లకు వెళితే రుతువులే తిరగబడతాయి. పైన ఎండాకాలమైతే కింద చలికాలం. కాకపోతే ఆ తేడా పైదానిలో 4 శాతమే.

ఒక గొయ్యి కోసం ఫోరియర్ విశ్లేషణ, పాక్షిక అవకలన సమీకరణం, సంకీర్ణ సంఖ్యలు, సరిహద్దు నిబంధనలు... మ్యాథమెటికల్ ఫిజిక్స్ సిలబస్‌లో మూడోవంతు అయిపోయింది. గొయ్యి గుండ్రంగా ఉంటుందని, గోడల నుంచి కూడా వేడి వస్తుందని లెక్కలోకి తీసుకుంటే? అక్కడ ప్రత్యక్షమవుతాడు బెసెల్. గుండ్రటి గొయ్యికి, గుండ్రటి డప్పుకు, గుండ్రటి తీగకు ఆయన ఫంక్షన్ కావాలి. బంతిలాంటి వాటికి లెజెండ్రె. హెర్మైట్, లాగేర్ అణువుల్లోకి వెళ్లాక అవసరమవుతారు. మొదటి వారం బోర్డు మీద రాసిన పేర్లన్నీ ఆకారాల పేర్లేనన్నమాట. ఈ ఒక్క ముక్క ముందే చెబితే ఎంతమంది హాస్టల్ గదుల్లో కాస్త నిద్రపోయేవాళ్లో!

పాతర తెరిచేముందు

పాతరకు సంబంధించిన ఇంకో జాగ్రత్త పెద్దవాళ్లకు బాగా తెలుసు. మూత తీయగానే దిగకూడదు. లోపలి గింజలు ఊపిరి పీల్చుకుంటూ ప్రాణవాయువును వాడేసి కార్బన్ డయాక్సైడ్ నింపేస్తాయి. తొందరపడి దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలున్నాయి. అందుకే తెరిచి వదిలేసేవాళ్లు, దీపం దించి చూసేవాళ్లు.

ఎంతసేపు వదలాలి? విచిత్రమేమంటే వాయువు ఒకదాన్లోంచి ఒకటి పాకే లెక్కకూ అదే సమీకరణం. వేడి బదులు వాయువు, అంకె వేరు. కదలని గాలిలో రెండుంబావు మీటర్ల లోతు నుంచి ఆ వాయువు తనంతట తాను పైకి పాకడానికి సుమారు మూడున్నర రోజులు పడుతుంది. అదే దూరం మట్టిలో వేడి పాకాలంటే నాలుగు నెలలు. మూత తీసి పది నిమిషాలు నిలబడితే సరిపోదని సమీకరణం కూడా ఒప్పుకుంటుందన్నమాట. గాలి విసరాలి, కదిలించాలి. ఒకే సమీకరణం వేడికీ, వాయువుకూ, నీళ్లలో పడ్డ సిరాచుక్కకూ పనిచేయడమే ఈ పేపరు ప్రత్యేకత. ఒకసారి నేర్చుకుంటే వందచోట్ల వాడుకోవచ్చు.

1924లో జర్మనీలోని గోటింగెన్ నుంచి కూరాంట్, హిల్బర్ట్ పేర్లతో ఓ గణిత పుస్తకం వచ్చింది. అప్పటికి క్వాంటమ్ మెకానిక్స్ ఇంకా పుట్టనే లేదు. 1925, 26ల్లో అది పుట్టి, ష్రోడింగర్ సమీకరణం చేతికొచ్చేసరికి, దాన్ని సాధించడానికి కావాల్సిన సరంజామా అంతా ఆ పుస్తకంలో సిద్ధంగా ఉంది. పెళ్లి కుదరకముందే పందిరి వేసి ఉంచినట్టు!

దుప్పటి తిప్పి చూస్తే

కార్బన్ డయాక్సైడ్ దగ్గరే ఇంకాసేపు ఆగితే సిలబస్‌లో ఇంకో భయం కూడా తీరిపోతుంది. దాని పేరు గ్రూప్ థియరీ. దీనికోసం ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లాలి.

ఎమ్మిగనూరు అంటే మగ్గం. మాచాని సోమప్ప పూనికతో 1938లో మొదలైన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దేశాలు దాటించింది. నేతగాడికి దుప్పటి మీద డిజైన్ ఎక్కడ మొదలై ఎక్కడ తిరగబడుతుందో తెలుసు. ఎన్ని పడుగు పోగులకు ఒకసారి పువ్వు మళ్లీ వస్తుందో, అద్దంలో చూసినట్టు ఎక్కడ ఎదురు తిరగాలో తెలుసు. దుప్పటిని సగం చుట్టు తిప్పినా అలాగే కనిపిస్తుందా? అడ్డంగా మడిస్తే పువ్వు మీద పువ్వు కూర్చుంటుందా? ఇలాంటి 'తిప్పినా మారనితనాల' పట్టికే గ్రూప్. బట్ట మీద పునరావృతమయ్యే డిజైన్లు ఎన్ని లక్షలున్నా, సౌష్ఠవం లెక్కన చూస్తే రకాలు 17 మాత్రమే. స్ఫటికాల్లో అణువులు పేర్చుకునే పద్ధతులైతే 230. ఆ 230ని 19వ శతాబ్దం చివర్లోనే లెక్కతేల్చారు.

దీన్ని ఫిజిక్స్‌కు ఎలా వాడాలో చెప్పిన తొలి పాఠ్యపుస్తకాల్లో ఒకటి మన తెలుగు నేల మీద అచ్చయిందంటే చాలామంది నమ్మరు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పనిచేసి 1932లో వాల్తేరు చేరారు. అక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితజ్ఞుడు టి.వెంకటరాయుడుతో జత కలిసింది. ఒకరిది ఫిజిక్స్, ఇంకొకరిది గణితం. స్ఫటికాల్లో రామన్ ఫలితానికి సౌష్ఠవాన్ని అన్వయిస్తూ 1939లో ఇద్దరూ పరిశోధన పత్రం రాశారు. 1948లో గ్రూప్ థియరీని భౌతిక సమస్యలకు ఎలా ఉపయోగించాలో చెబుతూ పుస్తకం తెచ్చారు. ప్రచురణ ఆంధ్ర విశ్వవిద్యాలయమే. తర్వాత విదేశీ సంస్థ కూడా దాన్ని అచ్చేసింది. స్ఫటికాల కంపనాలను లెక్కించే పద్ధతుల్లో ఒకదానికి వాళ్లిద్దరి పేర్లూ కలిపి స్థిరపడిపోయాయి.

పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. అణువుల గుంపును తిప్పండి, అద్దంలో చూడండి, తలకిందులు చేయండి. ప్రతిసారీ ఎన్ని అణువులు తమ చోటు వదలకుండా ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ లెక్కను, తిప్పిన కోణాన్ని బట్టి వచ్చే ఓ అంకెతో గుణించండి. పట్టిక చూడండి. ఏ కంపనం ఏ వెలుగులో కనబడుతుందో అదే చెబుతుంది.

పాతరలోని వాయువునే తీసుకోండి. మధ్యలో కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్. ముగ్గురూ ఒకే వరుసలో. మూడు అణువులు, ఒక్కోదానికీ మూడు దిక్కులు. మొత్తం తొమ్మిది కదలికలు. వాటిలో మూడు మొత్తంగా పక్కకు జరగడం, రెండు గిరగిరా తిరగడం. మిగిలిన నాలుగూ కంపనాలు. ఒకదాంట్లో కార్బన్ కదలదు, రెండు ఆక్సిజన్లు ఒకేసారి దూరం జరిగి దగ్గరవుతాయి. ఇంకోదాంట్లో కార్బన్ ఒకవైపు, ఆక్సిజన్లు రెండోవైపు లాగుతాయి. చివరి రెండూ విల్లులా వంగడం, నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి. మొదటిది రామన్ పద్ధతిలోనే కనిపిస్తుంది. మిగతా మూడూ పరారుణ కాంతిలోనే. ప్రయోగశాల గడప తొక్కకుండా, కాగితం మీద తేలే జవాబిది.

ఆ 'విల్లులా వంగే' కంపనం మామూలుది కాదు. భూమి రాత్రిళ్లు పైకి వదిలే వేడిలోంచి 15 మైక్రాన్ల దగ్గరి ముక్కను పట్టేసుకునేది అదే. భూతాపం మీద ఇవాళ నడుస్తున్న చర్చలో పెద్ద భాగం ఆ వంపు దగ్గరే మొదలవుతుంది. వాతావరణం భూమి వేడిని పట్టి ఉంచుతుందని 1824లో రాసింది ఎవరో తెలుసా? మళ్లీ ఫోరియరే!

పొరుగూరి రావుగారు

గోటింగెన్, కలకత్తా, వాల్తేరు... అన్నీ దూరపు పేర్లేనా అనుకునేవాళ్లకు ఓ దగ్గరి పేరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. అదే జిల్లాలోని హడగలిలో 1920లో ఓ తెలుగింట పుట్టిన పిల్లవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్.రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసి, ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లి, అక్కడి భారత గణాంక సంస్థలో చేరిపోయారు.

ఆయన కలకత్తా యూనివర్సిటీలో పాఠం చెబుతుండగా ఓ విద్యార్థి లేచి అడిగాడు. నమూనాలు చాలా ఎక్కువగా ఉన్నప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫలితం ఉంది కదా, నమూనాలు కొన్నే ఉంటే? ఆ అడిగిన కుర్రాడు తర్వాత ఆర్థికవేత్తగా పేరొందిన వి.ఎం.దండేకర్. రావుగారి దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని రుజువు చేసి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామర్-రావు అవధి. ఎంత తెలివిగా లెక్కవేసినా ఒక కొలతలో పొరపాటు ఇంతకన్నా తగ్గదని గీత గీసి చూపించే సూత్రమది. గురుత్వ తరంగాల కొలతలకూ, క్వాంటమ్ కొలతలకూ ఇవాళ అది నిత్యావసరం. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ రోజు దండేకర్ 'పక్కవాళ్లకు తెలుసేమో'నని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో!

సీటు దొరికాక

ఇక ఎమ్మిగనూరు అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమెకు ఈ పేపరు కేవలం ఒక పేపరు కాదు. మొదటి సెమిస్టర్‌లో ఇది వదిలేస్తే రెండో సెమిస్టర్‌లో క్వాంటమ్ మెకానిక్స్ మింగుడుపడదు. అది పడకపోతే సాలిడ్ స్టేట్ రాదు. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో భౌతికశాస్త్రానికి సిలబస్ మొదటి అధ్యాయమే ఇది. 200 మార్కుల పరీక్ష. అందులో చివరి భాగం ప్రశ్నలు ఒక్కొక్కటి ఐదు మార్కులవి, బట్టీతో కదిలేవి కావు. అది దాటి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే 2023లో పెంచిన లెక్క ప్రకారం నెలకు 37 వేల రూపాయలు. పండుగ వెళ్లగానే ఇళ్లకు తాళాలేసి గుంటూరు మిరపచేలకు, పత్తిచేలకు వలసపోయే కుటుంబాలున్న ప్రాంతంలో ఆ మొత్తం ఎంతో వేరే చెప్పక్కర్లేదు. చదువు మానకుండా, ఇంటికి డబ్బు పంపుతూ పరిశోధన చేయొచ్చు.

కొత్తగా ఇంకో చిక్కు వచ్చింది. 2023-24 నుంచి రాష్ట్రంలో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి పెట్టారు. పాత ఎంపీసీలో గణితం, భౌతికం, రసాయనం మూడూ సమానంగా నడిచేవి. ఆ పద్ధతిలో ఫిజిక్స్ మేజర్ తీసుకున్న విద్యార్థి మైనర్‌గా గణితం ఎంచుకోకపోతే, లేదా ఆ కాలేజీలో ఆ మైనర్ పెట్టకపోతే, పీజీ గుమ్మం దగ్గరికి చేరేటప్పటికి చేతిలో కావాల్సినంత గణితం ఉండదు. పెద్ద ఊళ్లలో ఎంచుకోవడానికి పది కాలేజీలుంటాయి. ఆదోనిలో, ఎమ్మిగనూరులో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అడ్మిషన్ ఫారం నింపే రోజున 'మైనర్ ఏదైనా ఒకటే' అని చెప్పేవాళ్ల మాట వింటే మూడేళ్ల తర్వాత బెసెల్ దగ్గర బోర్లాపడాల్సి వస్తుంది.

పుస్తకాల మాటకొస్తే, యూనివర్సిటీ పరీక్షకు చాలామంది సత్యప్రకాశ్ పుస్తకం పట్టుకుంటారు. లెక్కలు దండిగా ఉంటాయి, తప్పులేదు. కానీ మొదట చదవాల్సింది మేరీ బోయస్. 1966లో తొలిసారి వచ్చిన ఆ పుస్తకం కాలిక్యులస్ మాత్రమే వచ్చిన పిల్లల కోసం రాసింది. ఎందుకు అన్న ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెబుతుంది. అదే ఏడాది వచ్చిన ఆర్ఫ్‌కెన్ పుస్తకం ఆ తర్వాతి మెట్టు. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలని కూర్చున్నవాళ్లు రెండో అధ్యాయంలోనే నీరసపడతారు. అది నిఘంటువు లాంటిది, అవసరమైనప్పుడు తెరవాలి. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్‌గా పనిచేసిన వి.బాలకృష్ణన్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి. సుద్దముక్క, బోర్డు తప్ప ఏ హంగూ లేని పాఠాలవి. కాకపోతే చూడటం వేరు, చేయడం వేరు. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆపేసి తెల్లకాగితం ముందుకు జరుపుకుంటే తెలుస్తుంది అసలు సంగతి. మగ్గం మీద కూర్చోకుండా నేత వచ్చిందన్నవాణ్ని ఎమ్మిగనూరులో ఎవరూ నమ్మరు కదా!

భాష సంగతీ ఉంది. ఆదోనిలో ఒకే వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ వినిపిస్తాయి. పీజీ పుస్తకం మాత్రం ఇంగ్లిష్‌లోనే. ఆ ఇంగ్లిష్‌లో మాటలు నిజానికి తక్కువే. రెండు మూడు వందల పదాలు పట్టుబడితే మిగతాదంతా గుర్తులే. సమీకరణాన్ని మాత్రం సొంత భాషలో ఒకసారి పైకి చెప్పుకోవాలి. 'పొరుగువాళ్లకన్నా చల్లగా ఉంటే వేడెక్కుతుంది' అని ఇంట్లో అమ్మకు చెప్పగలిగితే ఆ సమీకరణం వచ్చినట్టే.

పాతరను నమ్మనివాళ్లు పెరట్లోనే చూసుకోవచ్చు. రెండు థర్మామీటర్లు కావాలి. ఒకదాన్ని నేల మీద సన్నటి మట్టిపొర కప్పి పెట్టాలి. రెండోదాన్ని పక్కనే 12 సెంటీమీటర్ల లోతున, సుమారు అర జానెడు లోతులో, పాతాలి. తెల్లవారినప్పటి నుంచి గంటకోసారి చూసి రాసుకోవాలి. పైది మధ్యాహ్నం ఒంటిగంటకు గరిష్ఠానికి చేరితే, కిందిది దాదాపు సాయంత్రం ఐదింటికి చేరాలి. ఆలస్యం నాలుగు గంటలకు తగ్గితే ఆ మట్టిలో వేడి చురుగ్గా పాకుతోందని, పెరిగితే మందంగా పాకుతోందని. ఆ ఆలస్యం నుంచే వెనక్కి లెక్కగట్టి మట్టి అంకె రాబట్టొచ్చు. ఎమ్మిగనూరు దగ్గర తుంగభద్ర కాలువ కింది తడిచేలో ఒకసారి, ఆదోని దగ్గర బీడుపడ్డ నల్లరేగడిలో ఇంకోసారి. ఎక్కడ ఎన్ని గంటలొచ్చిందో నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకుంటే, మర్నాడు క్లాసులో అడగడానికి ఓ ప్రశ్న చేతిలో ఉంటుంది.